‘బాగుంది గానీ...’ : పాఠకుల మాటవరస తీర్పుల గురించి

సాహిత్య విమర్శ అంటే అచ్చులో వచ్చిందే విమర్శ అని మనకు అలవాటు చేశారు. పీఠిక, సమీక్ష, సిద్ధాంత గ్రంథం, సదస్సులో చదివిన పత్రం, ఇవే లెక్కలోకి వస్తాయి. టీకొట్టు బెంచీ మీద, హాస్టల్ వరండాలో, కాలేజీ స్టాఫ్ రూంలో, పద్యనాటకం చూసి తెల్లవారుజామున ఇంటికి నడిచి వస్తూ మనుషులు పుస్తకాల గురించీ రాసినవాళ్ళ గురించీ అనే మాటలు లెక్కలోకి రావు. మాటవరసకు అన్నారులే అని వదిలేస్తారు. కానీ ఒక రచయిత నిలబడ్డాడా పడిపోయాడా అన్నది చాలాసార్లు తేలేది అక్కడే. అచ్చులోకి వచ్చేటప్పటికి తీర్పు అయిపోయి ఉంటుంది. అచ్చు చేసేది దానికి కారణాలు వెతికిపెట్టడమే.

గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి, మిరప నేలల్లో ఇలాంటి మాటలను కొంచెం ఆగి పరిశీలించాలని మా ఉద్దేశం. ఈ నేలనే ఎందుకు ఎంచుకున్నామంటే, తెలుగులో దళిత సాహిత్యం మీద జరిగిన వాదాల్లో పెద్దభాగం ఈ నేలకు సంబంధించిన పుస్తకాల మీదే జరిగింది. ఉన్నవ లక్ష్మీనారాయణ ‘మాలపల్లి’ (1922), గుర్రం జాషువా ‘గబ్బిలం’ (1941), కారంచేడు (1985 జూలై 17), చుండూరు (1991 ఆగస్టు 6) హత్యాకాండల తర్వాత వెల్లువెత్తిన కవిత్వం, జి. కల్యాణరావు ‘అంటరాని వసంతం’ (2000), అన్నీ ఇక్కడివే. 2022లో జిల్లాలు విడిపోయాక జాషువా వినుకొండ పల్నాడు జిల్లాలోకీ, కారంచేడు, చుండూరు బాపట్ల జిల్లాలోకీ వెళ్ళాయి. జనం నోట్లో మాత్రం అవి ఇంకా పాత జిల్లాలే. మేమూ ఆ అర్థంలోనే వాడుతున్నాం.

మేము చెప్పదలచింది ఒక్కటే. మాటవరస అభిప్రాయం తేలిక మాట కాదు. సాక్ష్యం చూపించమని ఎవరూ అడగని తీర్పు అది. ఊరివాళ్ళ నోట్లో పుట్టిన అలాంటి తీర్పు తరగతి గదికి, అక్కణ్ణుంచి ప్రశ్నపత్రానికి, అక్కణ్ణుంచి సాహిత్య చరిత్రకు ఎక్కుతుంది. పల్లెలో, అంటే మాలపల్లెలో, మాదిగపల్లెలో పుట్టిన మాట ఎంత ఆలోచించి అన్నదైనా పుట్టినచోటే ఉండిపోతుంది. రెండు మాటలకూ ఒకే పరీక్ష పెట్టాలన్నది మా వాదం.

1. కులం అంటగట్టొద్దు అనేవాళ్ళు

“జాషువా మహాకవి. ఆయన్ని ఒక కులానికి కట్టెయ్యకండి.” ఈ మాట వినని దళిత విద్యార్థి ఉండడు. పైకి ఇది చాలా పెద్దమనసుతో అన్నట్టే ఉంటుంది. కానీ ఒక్క క్షణం ఆగి చూడండి. విశ్వనాథ సత్యనారాయణను గురించి గానీ, చెళ్ళపిళ్ళ వెంకటశాస్త్రిని గురించి గానీ ఎవరైనా ఈ మాట అంటారా? అనరు. వాళ్ళ కులం పేరెత్తకుండానే వాళ్ళ కవిత్వంలో సంస్కృతిగా, సంప్రదాయంగా, పాండిత్యంగా చలామణీ అయిపోతుంది. దానికి ‘తెలుగుదనం’ అని పేరు. జాషువా దగ్గరికి వచ్చేసరికే కులం కవిత్వానికి బయటి వస్తువుగా కనపడుతుంది.

అసలు జాషువాకు కులం కట్టింది ఎవరు? వినుకొండలో జరిగిన ఒక అవధాన సభలో ఆయన పద్యాలు చదివితే, తక్కువ కులంవాణ్ణి సభలోకి ఎందుకు రానిచ్చారని అడిగినవాళ్ళు కట్టారు. ఆ అడిగినవాళ్ళు కూడా సాహిత్య ప్రియులే, పద్యం వినడానికి వచ్చినవాళ్ళే. వాళ్ళు అన్నదీ మాటవరస అభిప్రాయమే. దళితుడుగా పుట్టినందుకు సభలో నిలబడనివ్వని సమాజమే, ఆయన పోయాక, దళితుడని అనొద్దని మనకు బుద్ధి చెబుతోంది. మొదట పేరు పెట్టి అవమానించడం, తర్వాత ఆ పేరు చెరిపేసి సొంతం చేసుకోవడం. ఈ రెండూ ఒకే చేత్తో జరిగిన పనులు.

బిరుదులకు కొదవ లేదు. కవికోకిల అన్నారు, నవయుగ కవిచక్రవర్తి అన్నారు. 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి, 1970లో పద్మభూషణ్ వచ్చాయి. అయితే అకాడమీ బహుమతి ‘క్రీస్తు చరిత్ర’కు వచ్చింది. పల్లెల్లో నోటికి వచ్చింది ‘గబ్బిలం’. సంస్థలు ఎంచుకున్న పుస్తకం ఒకటి, జనం ఎంచుకున్న పుస్తకం ఇంకొకటి. జనం ఎందుకు ఎంచుకున్నారో ఎవరైనా అడిగి రాసిపెట్టారా?

2. ‘అనుకరణ’ అనే మాట

“గబ్బిలం బాగుంది గానీ, మేఘసందేశానికి అనుకరణ.” ఇది రెండో మాట. కాళిదాసు తర్వాత వందల ఏళ్ళపాటు ఈ దేశంలో హంస చేతా, చిలక చేతా, గాలి చేతా సందేశాలు పంపిన కావ్యాలు ఎన్నో పుట్టాయి. వాటిని పండితులు ‘సందేశకావ్య సంప్రదాయం’ అంటారు. అవి సంప్రదాయమైతే ఇది ఒక్కటి అనుకరణ ఎట్లా అయింది? మేఘసందేశంలో యక్షుడికి ఉన్న బాధ ఒక ఏడాది ఎడబాటు. గబ్బిలంలో అంటరానివాడి బాధకు గడువు లేదు. ఆ తేడా చూడకుండా చట్రం మాత్రమే చూసేవాడికి అనుకరణే కనిపిస్తుంది.

ఇదే పుస్తకం మీద మన లోపల కూడా ఒక వాదం ఎన్నాళ్ళుగానో నడుస్తోంది. 1985 తర్వాత ఉద్యమంలోకి వచ్చిన కుర్రాళ్ళు, “శివుడికి మొరపెట్టుకున్నాడు గానీ తిరగబడలేదు. కాబట్టి జాషువా దళితకవి కాడు” అన్నారు. ఆ మాటకు ఆ కాలంలో అవసరం ఉంది, కాదనం. ప్రాధేయపడటం చాలు అనుకున్న తరం అది. కానీ పద్యాలు చెవిన విని పెరిగిన పెద్దవాళ్ళు ఇంకో మాట అంటారు: “గుళ్ళోకి మనిషిని రానివ్వరు, గబ్బిలాన్ని రానిస్తారు. ఆ సంగతి చెప్పటానికే గబ్బిలాన్ని పంపాడు.” ఈ రెండు మాటల్ని పక్కపక్కన పెట్టి చూడండి. మొదటిది కవి మీద తీర్పు. రెండోది పుస్తకంలో ఒక చోట వేలు పెట్టి చూపించింది. మేఘం బదులు గబ్బిలం ఎందుకు అన్న ప్రశ్నకు అది జవాబు చెప్పింది. ఇంట్లోకి వస్తే అపశకునమని తరిమే ప్రాణికి గుడి చూరు దొరికింది, మనిషికి దొరకలేదు. కావ్యశిల్పం గురించి ఇంతకంటే సూటిగా చెప్పిన వాక్యం పుస్తకాల్లో ఎన్ని ఉన్నాయి? అది చెప్పినవాళ్ళలో అక్షరం రానివాళ్ళు కూడా ఉన్నారు. ఇక వాళ్ళని పాఠకులు అనొచ్చా లేదా అనే సందేహం ఎవరికైనా ఉంటే, ఆ సందేహం వాళ్ళ దగ్గరే ఉంచుకోవాలి.

3. కాటిసీనులో పద్యం ఎవరిది

ఈ మైదానంలో జాషువాను అచ్చు పుస్తకం కంటే ఎక్కువగా మోసింది నాటకం. ఈ ప్రాంతంవాడే అయిన బలిజేపల్లి లక్ష్మీకాంతం రాసిన ‘సత్య హరిశ్చంద్రీయం’లో కాటిసీను వచ్చేసరికి, నటులు జాషువా ‘శ్మశానవాటి’ పద్యాలు అందుకుంటారు. నాటక రచయిత ఒకరు, ఆ సీను నిలబెట్టిన పద్యకర్త ఇంకొకరు. ఒన్స్ మోర్ కొట్టి పాడించుకున్నవాళ్ళలో చాలామంది అది బలిజేపల్లి పద్యమనే అనుకున్నారు. ఎవరిదైతేనేం, పద్యం గొప్పది గదా అనే మాట ఇక్కడే పుడుతుంది.

ఎవరిదైతేనేం అన్నంత తేలిక కాదు ఇది. ఆ సీనులో రాజు కొంతకాలం కాటికాపరి అవుతాడు. ఆ కొంతకాలానికే ప్రేక్షకులు కంటతడి పెడతారు. పుట్టుకతో ఆ పని నెత్తిన పడ్డవాళ్ళు పందిరికి దూరంగా నిలబడి ఆ కన్నీళ్ళను చూశారు. రాజు నోట పలికినంతసేపూ ఆ పద్యం లోకసత్యం, వేదాంతం. రాసినవాడి పేరు చెబితే మాత్రం ‘కులం తెస్తున్నారు’. పల్లెల్లో పట్టుబట్టి “అది మనోడి పద్యం” అనే మాటలో గర్వం ఒక్కటే లేదు. ఆస్తి ఎవరిదో తేల్చమనే దావా ఉంది. భూమికి పట్టా లేనివాళ్ళు కనీసం పద్యానికి పట్టా అడుగుతున్నారు.

4. చదవకుండా మెచ్చడం, చదవకుండా తోసెయ్యడం

గుంటూరు జిల్లా వేములూరుపాడులో పుట్టిన ఉన్నవ లక్ష్మీనారాయణ వెల్లూరు జైల్లో ‘మాలపల్లి’ రాశాడు. మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. ఈ నవల మీద రెండు మాటలు తయారుగా ఉంటాయి. ఒకటి స్టాఫ్ రూం మాట: “దళిత సాహిత్యం నిన్నామొన్న పుట్టిందంటారేమిటి, 1922లోనే మాలపల్లి వచ్చింది గదా.” ఇంకొకటి మన యువకుల మాట: “రాసింది బ్రాహ్మడు. చదవక్కర్లేదు.”

ఈ రెండూ ఎదురెదురు మాటల్లా కనిపిస్తాయి గానీ రెండిటికీ నవలతో పని లేదు. మొదటివాడికి మాలపల్లి డాలు. దళితులు తమ గురించి తాము రాసుకుంటున్నామన్నప్పుడల్లా దాన్ని అడ్డం పెడతాడు. అదే కాలంలో రాజమండ్రిలో కుసుమ ధర్మన్న ‘మాకొద్దీ నల్లదొరతనం’ అని రాసిన సంగతి అతనికి గుర్తు రాదు. తెల్లదొరతనం వద్దన్న గరిమెళ్ళ గుర్తుంటాడు, నల్లదొరతనం వద్దన్న ధర్మన్న గుర్తుండడు. ఆ మరుపు యాదృచ్ఛికమని మేము అనుకోవడం లేదు. రెండోవాడు డాలుతోపాటు పుస్తకాన్ని కూడా విసిరేస్తాడు. దాంతో నవలను నిలదీసే అవకాశం పోతుంది.

నిలదీసిన ప్రశ్న లేకపోలేదు. పాలేళ్ళను కూడగట్టిన సంగదాసు చౌదరయ్య దెబ్బకు చచ్చిపోయాక కూడా, తండ్రి రామదాసు ఓర్పునే నవల అంత ఎత్తున ఎందుకు నిలబెట్టింది? అన్న వెంకటదాసు తక్కెళ్ళ జగ్గడై ఎదురు తిరిగిన దారిని ఎందుకు అనుమానంగా చూసింది? ఇవి పాలేరుతనం తెలిసిన ఇళ్ళ నుంచి వచ్చే ప్రశ్నలు. రచయిత కులం మీద ఆగిపోకుండా, ఆ కులం నవలలోని న్యాయాన్ని ఎట్లా మలిచిందో అడిగే ప్రశ్నలు.

ఈ నేల మీద ఈ ప్రశ్న పరీక్ష రాయడానికి పనికొచ్చే ప్రశ్న మాత్రమే కాదు. చుండూరులో ఎనిమిది మంది దళితుల్ని చంపిన కేసులో 2007లో ప్రత్యేక కోర్టు 56 మందికి శిక్ష వేసింది. 2014లో హైకోర్టు అందరినీ వదిలేసింది. ఓర్చుకోమనే నీతి ఎవరికి లాభమో ఇక్కడివాళ్ళకు లెక్క తెలుసు. కళ్ళారా చూసి చెప్పిన సాక్ష్యానికే విలువ లేకపోయిన చోట, చదివి చెప్పిన అభిప్రాయానికి విలువ ఎట్లా వస్తుందని ఎవరైనా అడగొచ్చు. అందుకనే ఆ అభిప్రాయాన్ని సాక్ష్యంగా నమోదు చెయ్యాలంటున్నాం.

5. తిట్లు, కవిత్వం

1995లో జి. లక్ష్మీనరసయ్య, త్రిపురనేని శ్రీనివాస్ సంపాదకత్వంలో ‘చిక్కనవుతున్న పాట’ వచ్చింది. నరసరావుపేట నుంచి మద్దూరి నగేష్ బాబు, ఒంగోలు నుంచి పైడి తెరేష్ బాబు ఆ కాలంలో రాసిన కవిత్వం మీద ఒకటే మాట తిరిగింది: “ఆవేశం ఉంది గానీ కవిత్వం లేదు. ఇవన్నీ తిట్లు.”

తిట్టు ఎక్కణ్ణుంచి వచ్చిందో చూద్దాం. మిరపచేలో, పత్తిచేలో, పశువుల కొట్టంలో కులం పేరే తిట్టుగా వాడిన భాష తరతరాలుగా ఉంది. ఆ భాషలో ఔచిత్యం లేదని ఏ అలంకారికుడూ అనలేదు. అదే మాటను పడ్డవాడు అందుకుని, తిప్పి, పద్యపాదంలో పెట్టేసరికి సాహిత్య మర్యాద గుర్తొచ్చింది. తెరేష్ బాబు వ్యంగ్యంలోని చమత్కారం, నగేష్ బాబు మాటలోని కరుకుదనం వేరు వేరు పనులు చేస్తాయి. ఇద్దర్నీ కలిపి ‘తిట్లు’ అనే ఒక్క మాటలో మూటగట్టినవాడు ఇద్దర్నీ చదవలేదని అర్థం.

అయితే ఇక్కడ మనవైపు నుంచి కూడా ఒక మాట చెప్పుకోవాలి. దళితుడు రాశాడు కాబట్టి అంతా గొప్పదే అనడం విమర్శ కాదు, అభిమానం. నినాదం నినాదంగానే మిగిలిపోయిన కవితలు ఆ కాలంలో ఉన్నాయి. ఫలానా కవితలో కోపం అనుభవంలోంచి రాలేదు, ఇంకో కవితలోంచి వచ్చింది అని చూపించగలిగితే చూపించాలి. అది మనం చెయ్యకపోతే, చెయ్యడానికి అర్హత లేనివాళ్ళు చేస్తారు.

6. ‘మావాడు’ అనే కొలత

1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుముడిలో మాదిగ దండోరా మొదలయ్యాక చదవడం కూడా మారింది. ‘దళిత’ అనే మాటలో ఎవరున్నారు, ఎవరి డప్పు వినపడటం లేదు అనే ప్రశ్న వచ్చింది. నాగప్పగారి సుందర్రాజు, ఎండ్లూరి సుధాకర్ లాంటివాళ్ళు మాదిగ జీవితాన్ని ఆ పేరుతోనే సాహిత్యంలోకి తెచ్చారు. సుధాకర్ ‘మల్లెమొగ్గల గొడుగు’ మాదిగ కథలుగానే వచ్చింది. ఇది సాహిత్యానికి జరిగిన మేలు.

ఆ వెనకే ఒక చిన్న మాట కూడా వచ్చింది. “జాషువా మావాడా, మీవాడా?” తల్లి మాదిగ, తండ్రి యాదవ, పెరిగింది క్రైస్తవంలో. గబ్బిలం పంపినవాడు అరుంధతీసుతుడు. ఈ వివరాలు పుస్తకాన్ని తెరవడానికి తాళం చెవులు కావాలి గానీ, కవిని పంచుకోవడానికి కొలబద్దలు కాకూడదు. వర్గీకరణ చెయ్యడానికి రాష్ట్రాలకు అధికారం ఉందని 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు చెప్పింది. ఉద్యోగాల్లో, చదువుల్లో వాటా న్యాయమైన లెక్క. కవిత్వంలో అడగాల్సింది వాటా కాదు, “ఈ పుస్తకంలో మా బతుకు ఉందా, ఉంటే ఎట్లా ఉంది?” అని. ఆ ప్రశ్న ఏ పల్లెవాళ్ళు ఏ పుస్తకాన్నయినా అడగొచ్చు.

‘అంటరాని వసంతం’ మీద జరిగే వాదం ఇందుకు మంచి ఉదాహరణ. రూతు జ్ఞాపకాలుగా తరాల కథ నడుస్తుంది. కరువులో బతకలేక బకింగ్‌హాం కాలువ పనికి పోతే అక్కడా అంటరానితనం ఎదురైన ఘట్టం ఈ తీరంవాళ్ళకు కల్పనలా అనిపించదు. దీని మీద తరచుగా వినపడే మాట, “బాగుంది గానీ, చివరికి విప్లవంలోకి తీసుకుపోయాడు” అనేది. ఇక్కడా ‘గానీ’ ఉంది. కానీ ఈ ‘గానీ’ తర్వాత ఒక వాదం ఉంది. ఎల్లన్న పాటతో మొదలైన చరిత్రకు సాయుధ పోరాటమే సహజమైన ముగింపా, లేక రచయిత రాజకీయం ఆ ముగింపును తెచ్చిపెట్టిందా అన్నది నవల నిర్మాణానికి సంబంధించిన ప్రశ్న. సహజమే అనేవాళ్ళకూ, కాదనేవాళ్ళకూ పుస్తకంలో ఆధారాలు దొరుకుతాయి. కాబట్టి మాకు ‘గానీ’తో తగాదా లేదు. దాని తర్వాత వచ్చేది పుస్తకంలోంచి వచ్చిందా, పుస్తకం తెరవకముందే ఉందా అన్నదే తగాదా.

7. బెంచీ మీద లేనివాళ్ళు

ఇప్పటిదాకా చెప్పిన మాటలన్నీ ఎక్కువగా మగవాళ్ళవి. టీకొట్టు బెంచీ మగవాళ్ళది, సభ తర్వాత మిగిలిపోయి మాట్లాడుకునే తీరికా మగవాళ్ళదే. గోగు శ్యామల సంపాదకత్వంలో ‘నల్లపొద్దు’ వచ్చి, దళిత స్త్రీలు ఎంతకాలంగా రాస్తున్నారో చూపించింది. ఈ మైదానం నుంచే చల్లపల్లి స్వరూపరాణి ‘మంకెనపువ్వు’, ఎం.ఎం. వినోదిని ‘దాహం’ నాటకం వచ్చాయి. వాటి మీద మన మగవాళ్ళ మాటవరస తీర్పు ఏమిటంటే, “బాగుంది గానీ, ఇంటి గుట్టు బయటపెట్టకూడదు. ఉద్యమానికి దెబ్బ.”

కారంచేడులో గొడవ మొదలైంది మంచినీళ్ళ చెరువు దగ్గర. నిలదీసింది నీళ్ళకు వెళ్ళిన మాదిగ స్త్రీ. ఉద్యమం పుట్టిన చోట స్త్రీ నోరు విప్పితే అది చరిత్ర, ఇంట్లో నోరు విప్పితే గుట్టు రట్టు అయిందా? ఆ రెండు నోళ్ళూ ఒకటే. స్టాఫ్ రూం మాటకు పెట్టిన పరీక్షే దీనికీ పెట్టాలి: ఏ పేజీలో ఏ వాక్యం ఉద్యమానికి దెబ్బ తీసిందో చూపించండి. చూపించలేకపోతే, అది పుస్తకం మీద అభిప్రాయం కాదు, మగవాడి భయం.

8. తాలు ఏరేదెవరు, ధర కట్టేదెవరు

మిరప కల్లాల్లో ఎండిన కాయల్లోంచి తాలుకాయ ఏరి పక్కన పెట్టేది ఆడకూలీలు. కాయ రంగు, నాణ్యం చేత్తో పట్టి చెప్పగలిగిన అనుభవం వాళ్ళది. గుంటూరు యార్డులో ధర చెప్పేటప్పుడు వాళ్ళని ఎవరూ అడగరు. సాహిత్యంలోనూ ఇదే జరుగుతోంది. పుస్తకాన్ని బతుకుతో పోల్చి తాలేదో గట్టిదేదో చెప్పగలిగినవాళ్ళు ఒకచోట, ధర కట్టే విశ్వవిద్యాలయాలూ పత్రికలూ అకాడమీలూ ఇంకోచోట.

దీన్ని మార్చడానికి మేము సూచించే పని చిన్నదే. ఈ మైదానంలో సంక్షేమ హాస్టళ్ళున్నాయి, 1918లో పుట్టిన వేటపాలెం సారస్వత నికేతనం లాంటి గ్రంథాలయాలున్నాయి, పల్లెపల్లెనా చర్చి వరండాలున్నాయి. నెలకొక పుస్తకం పెట్టుకుని పదిమంది కూర్చోవచ్చు. చదవడం రానివాళ్ళకు ఒకరు చదివి వినిపించాలి. ఎవరేమన్నారో తేదీ, ఊరు వేసి ఒక నోటుబుక్కులో రాయాలి. తగాదా వస్తే రెండు వైపులా రాయాలి, మెత్తబరచకూడదు. ఆడవాళ్ళకు వీలైన వేళ పెట్టుకోవాలి. పత్తి తీతలూ మిరప కోతలూ జరిగే నెలల్లో ఆ వేళ రాత్రి భోజనాల తర్వాతే దొరుకుతుంది. టీచర్లు ఆ నోటుబుక్కుల్లోంచి తరగతిలో ప్రశ్నలు అడగాలి. పరిశోధక విద్యార్థులు సమీక్షలను ఉదహరించినట్టే వాటినీ ఉదహరించాలి.

ఇక స్టాఫ్ రూంలో, సభలో, వైవాలో ‘బాగుంది గానీ’ అన్న మాట వినపడ్డప్పుడు తల వంచుకుని రావద్దు, తిట్టి కూడా రావద్దు. పుస్తకం బల్ల మీద పెట్టి, “గానీ ఏమిటి? ఏ పేజీలో?” అని అడగండి. జవాబు వస్తే వాదిద్దాం. రాకపోతే ఆ సంగతి కూడా తేదీ వేసి నోటుబుక్కులో రాద్దాం.